పచ్చవాతానికి పావురం

మా అమ్మ కుడిచెయ్యి పడిపోయిన వారానికి పులివెందుల నుంచి మామ దిగాడు. ఒక చేతిలో అరటిగెల, ఇంకో చేతిలో ఖాళీ గోనెసంచి. ఆయన అమ్మకు అన్న, నాకు మేనమామ. ఏ కష్టానికైనా ముందు ఏడ్చి, తరువాత వివరాలు అడిగే మనిషి. గడపలోనే ఏడ్చాడు. కాఫీ తాగాడు. గోనెసంచి ఎందుకని నేను అడిగితే, "పావురాలకు" అన్నాడు.

ముందు జరిగింది చెప్పాలి. ప్రొద్దుటూరులో మా అమ్మ చీరలకు ఫాల్ కుడుతుంది. పట్టుచీరైతే మిషన్ మీద కాదు, చేత్తోనే కుట్టాలి. పైకి కుట్టు కనపడకూడదు. ఆ పనిలో ఆమెకు పేరుంది. ఒక పొద్దున సూది మూడుసార్లు జారి పడింది. "ఈ సూదికేమొచ్చిందో సూడ్రా" అంది. సూదిని తిట్టిన తిట్టు కూడా సగంలో ముద్దయిపోయింది. నేను సూదిని చూడలేదు, ఆటోను పిలిచాను. నా జీవితంలో వేళకు చేసిన పనుల్లో అది మొదటిది. రెండోది ఇంకా జరగలేదు. మంచివేళకు తెచ్చారని డాక్టరు అన్నాడు. మాట, కాలు నాలుగు రోజుల్లో దారికొచ్చాయి. చెయ్యి మాత్రం ఎవరిదో వస్తువు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నట్టు ఉండిపోయింది. మాత్రలు వాడండి, వ్యాయామం చేయించండి, ఎంతవరకు తిరిగొస్తుందో చెప్పలేం అన్నారు.

వ్యాయామం నేర్పే అమ్మాయి ఇంటికొచ్చి ఒక రబ్బరు బంతి ఇచ్చి రోజూ పిసకమంది. అమ్మ ఆ బంతిని రెండు రోజులు చూసింది. మూడో రోజు మంచం కిందికి తోసేసింది. "పిసికితే ఏమొస్తాది దాంట్లోంచి?" అంది. నాన్న బట్టల అంగట్లో గుమాస్తా. ఇంట్లో ఎవరికి ఏమైనా ఆయన చేసేదల్లా ఫ్యాను స్పీడు పెంచడం. అప్పటికే అది చివరి నెంబరులో తిరుగుతోంది.

సూది పట్టుకోలేనని అమ్మ ఎవరితోనూ అనలేదు. తెచ్చిన చీరలన్నీ వెనక్కిచ్చేయమని మాత్రం నాతో చెప్పింది. ఇచ్చి వచ్చాను. దారాల డబ్బా మూత పెట్టి మంచం పక్కన ఉంచాను. అంతే. ఇంతకంటే పెద్ద సన్నివేశం మా ఇంట్లో జరగలేదు.

మామ ఉన్నాడు కదా, జరిపిస్తాడు.

"పచ్చవాతానికి పచ్చే మందు. పేర్లోనే ఉండాది గదరా" అన్నాడు. మా పక్క పక్షిని పచ్చి అంటారు, పక్షవాతాన్ని పచ్చవాతం అంటారు.

"మామా, పక్షమంటే ఒక పక్క అని. పక్షికీ దానికీ సంబంధం లేదు."

"పక్షికి రెండు పక్కలా రెక్కలుండాయా లేదా? ఆ పక్కలు పని జేస్తాండాయి గాబట్టే ఎగుర్తాండాది. ఇంగ వాతమంటే గాలి. గాలి జబ్బుకు గాలిలో తిరిగేదే ఇరుగుడు. నువ్వు పదో తరగతి యాడ సదివితివో గానీ."

"పేర్లోనే మందుంటే చక్కెర జబ్బుకు చక్కెర తినాల గదా?"

"నీతో మాట్లాడేది గోడతో మాట్లాడేది ఒకటే" అని ఆయన గోడవైపు తిరిగి విధానం చెప్పాడు. ఐదు పావురాలు కావాలి. వెచ్చని నెత్తురు చేతికి పూయాలి, మాంసం చారు కాచి తాగించాలి. సాకినవి పనికిరావు. అడవివే కావాలి.

అడవి పావురాలంటే గండికోట లోయలో ఉంటాయి. అక్కడికి పోదామన్నాడు. లోయ అంచున సెల్ఫీలు దిగే జనం మధ్య, పంచె ఎగ్గట్టిన మామ గోనెసంచితో నిలబడితే, సాయంత్రానికి ఊరూరా ఫోన్లలో తిరుగుతామని చెప్పి ఆపాను. నేను జమ్మలమడుగులో మోటారు పంపుల అంగట్లో పని చేస్తాను, రోజూ బస్సులో పోయొస్తాను. అక్కడ బస్టాండు వెనక ఒకతను పిట్టలమ్ముతాడని విన్నాను, చూసొస్తానన్నాను.

అతను సంచిలో చెయ్యి పెట్టి ఒక పావురాన్ని తీశాడు. "నిన్ననే లోయలో పట్నా సామీ. ఒరిజినల్ అడివిది."

దాని కాలికి ఒక ఉంగరం ఉంది. ఉంగరం మీద నెంబరు ఉంది.

"ఇదేందన్నా?"

"అది... పుట్టుకతోనే అట్ల."

"నెంబర్ గూడానా? ఇంగ అడివిలో గూడా ఆధార్ ఇస్తాండారా?"

అతనికి నవ్వొచ్చింది. "కొనేదుంటే కొను, లేకుంటే పో సామీ. నలుగురు సూస్తాండారు" అని పావురాన్ని మళ్లీ సంచిలోకి తోశాడు. ఎవరో సాకుకున్న పావురం. ఆ పొద్దు దానికోసం ఎవరో మిద్దె మీద నిలబడి ఆకాశం చూస్తూ ఉంటారని నాకు అప్పుడు తట్టలేదు. ఇంటికొచ్చి మామకు జోకుగా చెప్పాను.

మామ నవ్వలేదు. మా ఇంటి వెనక మూతపడిన సినిమాహాలు వైపు చూశాడు. దాని సజ్జల మీద పావురాలు వరసగా కూర్చుని ఉన్నాయి.

"వాటిని ఎవురు సాకుతాండారు?"

"ఎవురూ సాకల్యా."

"ఎవురూ సాకనిదంటే అడివిదే."

ఆ లెక్కన మా వీధి కుక్కలు కూడా వన్యమృగాలే. కానీ మామ లేచి సైకిల్ ట్యూబు ఎక్కడుందని అడిగాడు. పొద్దుగూకేలోగా నా చేతిలో ఉండేలు పెట్టాడు.

నేను ఎందుకు ఒప్పుకున్నానో నిజం చెబుతాను. చిన్నప్పుడు ఉండేలుతో మామిడికాయ కొడితే పక్కింటి కుళాయికి తగిలేది. ఐదు రోజులు గురి తప్పితే మామ విసిగిపోయి అరటితోటకు నీళ్లు కట్టుకోవాలని పులివెందులకు వెళ్లిపోతాడు. పావురాలు బతుకుతాయి, మామ మనసు నొచ్చుకోదు. నా గురి మీద నాకున్న అపనమ్మకమే నా అహింస.

మరుసటి పొద్దున మిద్దె ఎక్కాను. గోడకవతల మిద్దె భాయ్‌ది. ఆయన శానా ఏళ్లు కువైట్‌లో బండి తోలి, ఇక చాలని వచ్చేశాడు. పొద్దున నమాజు కాగానే మిద్దె మీద జొన్నలు చల్లుతాడు. ఆ రోజు ఆయన ఇంకా పైకి రాలేదు. సజ్జ మీద ఒక పావురం నన్ను చూసింది. నేను ఉండేలు సాగదీసి చెయ్యి పైకెత్తాను. అది పారిపోలేదు. సజ్జ దిగి, గోడ మీదికొచ్చి, తల ఒకపక్కకు వంచి ఇంకో రెండడుగులు నా వైపు నడిచింది. అంత దగ్గర నుంచి గురి తప్పడానికి నేర్పు కావాలి. నాకది లేదు.

రాయి రెక్క కింద తగిలింది. పావురం భాయ్ మిద్దె మీద పడి, ఒక రెక్కతో నేలను కొట్టుకుంటూ గుండ్రంగా తిరిగింది. అప్పుడే భాయ్ జొన్నల డబ్బాతో పైకొచ్చాడు. డబ్బా కింద పెట్టి, దాన్ని భుజం మీది తువ్వాలులోకి తీసుకున్నాడు.

"కొట్నావా?"

"తగిలింది భాయ్."

"తగిలేది రాయి. కొట్టేది మనిషి."

అమ్మ మందు కోసమని చెప్పాను. ఆయన తల ఊపాడు.

"అక్కకు బాగుగావాలని నేను గూడా రోజూ దువా జేస్తాండా బేటా. కానీ ఇది నీ తావుకు ఎందుకొచ్చిందో తెల్సా? చెయ్యెత్తితే గింజలని దీనికి నేనే నేర్పిచ్చినా. నేర్పిన తప్పు నాది, కొట్టిన తప్పు నీది. ఎట్ల పంచుకుందామో చెప్పు."

ఇలాంటి మాటలకు నేను మామూలుగా లొంగను. "మొన్న ఆదివారం మీరు కోడి తిన్లేదా భాయ్?" అన్నాను.

"తిన్నా. వచ్చే ఆదివారం గూడా తింటా. కోడిని కొనుక్కొచ్చినప్పుడే దానికీ తెల్సు, నాకూ తెల్సు."

కోడికి తెలుసని నేననుకోను. ఆ మాటే అందామనుకున్నాను. కానీ ఆయన తువ్వాలులో పావురం కన్ను మూసి తెరిచి మళ్లీ మూసింది. ఈసారి తెరవలేదు. వాదనలో ఎవరు గెలిచారో తేలకుండానే మేమిద్దరం ఊరుకున్నాం.

నేను ఇప్పటికీ కోడి తింటాను. వేటను గురించి ఉపన్యాసం ఇచ్చే అర్హత నాకు లేదు. కానీ ఒక్కటి అర్థమైంది. అడవిలో వేటగాడు నడవాలి, ముళ్లు గుచ్చుకోవాలి, దప్పికకు తాళాలి. అక్కడ పిట్టకు అతన్ని చూస్తే భయం. ఆ భయమే దానికి దారి చూపిస్తుంది. ఊళ్లో పిట్ట ఆ భయాన్ని మన మాట మీద వదిలేసింది. ఆ మాట నేనివ్వలేదు, భాయ్ ఇచ్చాడు, మా వీధిలో అన్నం మెతుకులు విసిరిన ప్రతివాళ్లూ ఇచ్చారు. వాళ్లందరి మాటనూ నేను ఒక రాయితో తప్పాను. దీన్ని వేట అంటే వేటకు అవమానం.

పావురాన్ని భాయ్ తువ్వాలులోనే వదిలి కిందికొచ్చేసరికి మామ గిన్నెతో నిలబడి ఉన్నాడు. అమ్మకు సంగతి తెలిసిపోయింది.

"నీ పాసుగూల! ఏం పని జేస్తివిరా?" అంది నన్ను. తర్వాత అన్న వైపు తిరిగింది. "నా చెయ్యి కోసం వాని చెయ్యి పాడు జేస్తివి గదన్నా."

మామ గిన్నె కింద పెట్టాడు. ఈసారి ఏడ్చింది వేరే రకం ఏడుపు. "మనమ్మ పచ్చవాతమొచ్చి ఎట్ల పండుకునిందో నువ్వు సూడల్యా మే. నువ్వు అప్పటికే పెండ్లయి ఈడికొస్తివి. మూడేండ్లు మంచంలో నేనే సూసుకుంటి. అప్పుడు గూడా పావురం తెమ్మన్యారు. మబ్బుతోనే, తెల్లారకముందే లేసి గుట్టలెంబడి తిరిగినా. ఒక్కటి గూడా కొట్టల్యాకపోతి. నా చేతకానితనంతోనే పాయె మనమ్మ."

దీన్ని జోకుగా మార్చడం నావల్ల కాలేదు. ఫ్యాను వైపు చూశాను. నాన్న కూడా అటే చూస్తున్నాడు.

అమ్మ ఎడంచేత్తో కుడిచెయ్యి ఒళ్లో సర్దుకుంది. తర్వాత, "సరేన్నా, మందు తింటా" అంది. "కానీ పట్టేదుంటే నేనే పడ్తా. పడిపోయిన ఈ చేత్తోనే. రాళ్లు గీళ్లు వద్దు, పాణంతో పట్టాల. నా చేతికి సిక్కిందే తింటా, వేరేవాల్లు తెచ్చింది ముట్టను."

మామ కన్నీళ్లు తుడుచుకున్నాడు. "అదే అసలు పద్ధతి! రోగి చేత్తో పట్నిదయితే ఇంగా జోరుగా పనిజేస్తాది" అన్నాడు. ఒక్క నిమిషంలో ఆ నియమం తరతరాలదైపోయింది.

అమ్మ ఎత్తు నాకు తెలియడానికి మూడు రోజులు పట్టింది. దారమే పట్టుకోలేని చెయ్యి పావురాన్ని పట్టదు. అన్న మనసు నొచ్చుకోదు, పిట్ట చావదు, నాకు ఉండేలు తప్పుతుంది. నేను గురి తప్పుదామని వేసిన పథకమే ఇది. కాకపోతే ఆమెది కుట్టు కనపడని పని.

గంప నేనే ఎక్కించాను. మిద్దె మీద గంపను బోర్లించి, ఒక అంచు ఎత్తి సంగటి తెడ్డు ఆనించాను. తెడ్డుకు ఫాల్ కుట్టే దారం నాలుగు పేటలు పేని కట్టి, రెండో కొస అమ్మ కుడిచేతి వేళ్లకు చుట్టాను. గంప కింద జొన్నలు. జొన్నలు భాయ్ ఇచ్చాడు. మీరెట్ల ఒప్పుకున్నారని అడిగితే, "ఆ చెయ్యి ఆ గంపను పడేసిన్నాడు పావురం కంటే ముందు నేను ఎగుర్తాలే" అన్నాడు.

రోజూ పొద్దున అమ్మ కుర్చీలో కూర్చునేది. మామ నీళ్ల ట్యాంకు వెనక దాక్కునేవాడు. పంచె మాత్రం దాక్కునేది కాదు, గాలికి బయట ఎగిరేది. పావురాలు రెండు రోజులు గంపను అనుమానించాయి. మూడో రోజు నుంచి లోపలికి పోయి, తిని, తీరిగ్గా బయటకొచ్చేవి.

"లాగు మే! ఇప్పుడు! ఇప్పుడు!" అని ట్యాంకు వెనక నుంచి మామ.

"నువ్వు గమ్మునుండన్నా, అవి బెదుర్తాండాయి."

"బెదరలేదు మామా" అనేవాణ్ని నేను. "ఇంగొంచెం చట్నీ కావాలంటాండాయి."

మొదటి వారం వేళ్లు కదల్లేదు. అమ్మ మాత్రం కదిలినట్టు ముఖం పెట్టేది. లాగాలని ఆమెకు లేదని నేననుకున్నాను. కానీ చూస్తూ ఉంటే తెలిసింది. గంప కిందికి పావురం పోయినప్పుడల్లా ఆమె ముఖంలో ఏదో బిగిసేది, భుజం ముందుకు వచ్చేది. దారం అవతలి కొసన ఏదో ఒకటి ఉంది. బంతికి అవతలి కొస లేదు. పిసికితే బంతి, పిసక్కపోయినా బంతే. రెండో వారం బొటనవేలు దారం మీదికి వచ్చింది. అమ్మ ఎవరికీ చెప్పలేదు. నేను చూసి ఊరుకున్నాను. మామ మధ్యలో పులివెందులకు పోయి తోటకు నీళ్లు పెట్టుకుని, మళ్లీ పొద్దున బస్సుకు వచ్చేవాడు. వ్యాయామం నేర్పే అమ్మాయి వచ్చి మిద్దె మీది ఏర్పాటు చూసి, దారాన్ని వేలితో తడిమింది. "బంతి బదులు గంపా? కానీండి. నొప్పి పుడితే ఆపండి, మాత్రలు మాత్రం మానొద్దు" అంది. ఆ పిల్లకు దండం పెట్టాలి. ఇంకొకరైతే మామతో వాదన పెట్టుకునేవాళ్లు.

ఎన్నో వారమో గుర్తులేదు. ఎండ అప్పుడే గోడ దిగుతోంది. ఒక పావురం లోపలికి పోయింది. మామ కునుకు తీస్తున్నాడు కాబట్టి ఎవరూ "లాగు" అనలేదు. తెడ్డు ఒకసారి ఊగింది. ఇంకోసారి ఊగింది. గంప ధబ్బున పడింది.

గంప కింద రెక్కల చప్పుడు. అమ్మ తన చేతి వైపు చూసుకుంటోంది. దారం వేళ్లకు బిగుసుకుని ఉంది, పిడికిలి మూసి ఉంది. "లాగాలనుకోల్యా" అంది. "సూద్దామనుకుంటి. అదే లాగె." భాయ్ ఎగరలేదు, గోడకు ఆనుకుని ముఖం తువ్వాలులో పెట్టుకున్నాడు. మామ లేచి వచ్చాడు. చెల్లెలి పిడికిలి చూశాడు, గంపను చూశాడు, బొడ్లో కత్తి తడుముకున్నాడు.

"పడ్తివి మే! చెప్తి గదా! ఇంగ దీన్ని కోసి వెచ్చగా పూసినామంటే..."

"ఎందుకన్నా?" అంది అమ్మ.

"ఎందుకంటే ఏంది? చెయ్యి రావద్దా?"

"వచ్చింది గదన్నా. రాకుంటే గంప ఎట్ల పడె? చెయ్యి వస్తేనే పావురం సిక్కుతాది. పావురం సిక్కిందంటే చెయ్యి వచ్చినట్టే. ఇంగ మందు దేనికి?"

మామ నా వైపు చూశాడు. జీవితంలో మొదటిసారి నన్ను సహాయం అడిగాడు.

"లెక్క సరిగ్గానే ఉండాది మామా" అన్నాను.

ఆయన చాలాసేపు నిలబడ్డాడు. తన తల్లి కోసం తేలేకపోయిన పావురం ఆ గంప కింద ఉంది. ఇన్నేళ్లకు అది చేతికందింది. వదలడం ఆయనకు ఎంత కష్టమో మా అందరికీ కనిపిస్తూనే ఉంది. వంగి, తనే గంప ఎత్తాడు.

పావురం వెంటనే ఆకాశంలోకి ఎగిరిపోయి ఉంటే బాగుండేది. అది ఎగరలేదు. మిగిలిన జొన్నలు తినింది. మామ కాళ్ల మధ్య నుంచి నడుచుకుంటూ పోయి అక్కడ పడిన గింజలు కూడా తినింది. చివరికి అమ్మే "ఫో! ఫోవే!" అని అదిలించింది. అదిలించింది కుడిచేత్తో. ఆ చెయ్యి రొమ్ము దాకా లేచి, కొంచెం వణికి, దిగింది.

ఇప్పుడు అమ్మ ఫాల్ కుడుతోంది. చిటికెన వేలు తిరిగి రాలేదు. రోజుకు ఒక చీర, అదీ నూలుది, పట్టుచీరలు వద్దంటుంది. కుట్లు కొంచెం కనపడతాయి. ఇంతవరకు తెచ్చిన ఆ డాక్టరుకు, బంతిని పక్కన పెట్టనిచ్చిన ఆ అమ్మాయికి, జొన్నలిచ్చిన భాయ్‌కి నేను రుణపడి ఉన్నాను. మామకు ఇంకా ఎక్కువ. ఆయన మూర్ఖత్వం లేకపోతే గంప లేదు. నేను కొట్టిన పావురానికి మాత్రం కృతజ్ఞత చెప్పడానికి నాకు మొహం చెల్లదు. చచ్చిన దానికి థాంక్స్ చెబితే తాను ఒప్పుకునే ఇచ్చిందని అర్థం వస్తుంది. అది ఒప్పుకోలేదు.

కథ ఇక్కడ అయిపోయి ఉండాల్సింది. కానీ మామ పులివెందులకు పోయి, పావురంతో తన చెల్లెలి పచ్చవాతం నయమైందని ఊరంతా చెప్పాడు. ఏది దాచాడంటే ఏదీ దాచలేదు, గంప ఎత్తిన సంగతి తప్ప. పైగా విధానానికి నా నెంబరు ఇచ్చాడు. ఫోన్లు మొదలయ్యాయి. మొదటాయనకు ఇదంతా వట్టిదని చెప్పాను. "నీకు తెల్దులే, పెద్దోల్లకియ్యి" అని పెట్టేశాడు. ఆ సాయంత్రం ఆయన ఎక్కడో ఒక ఉండేలు తయారుచేసి ఉంటాడు. ఆలోచించాను. రెండో ఫోన్ నుంచి మాట మార్చాను. అబద్ధం చెబుతున్నానా అంటే, నిజం చెబితే ఎవరూ వినరు. నియమం చెబితే అందరూ రాసుకుంటారు.

"ముందు ఆస్పత్రికి తీస్కపోండి, మాత్రలు మానొద్దండి. పావురాన్ని రోగే పట్టాల, పడిపోయిన చేత్తోనే. గంప, తెడ్డు, దారం. రోజూ పొద్దున జొన్నలెయ్యాల. వేరేవాల్లు రాయితో కొడితే మందు ఇరిగిపోతాది, తిన్నా పనిజెయ్యదు."

మొన్న పెండ్లిమర్రి నుంచి ఒకామె ఫోన్ చేసింది. ఎవరో నాకు తెలియదు. గొంతులో ఆయాసం.

"అప్పా, నువ్వు చెప్పినట్లే నెలన్నర నుంచి చేస్తాంటిమి. ఇప్పుడే మా నాయన గంప పడేసినాడప్పా! ఆ చేత్తోనే! లోపల పావురం ఉండాది. ఇప్పుడేం జెయ్యాల?"

వెనక ఎవరో ముసలాయన నవ్వో ఏడుపో తెలియకుండా చప్పుడు చేస్తున్నాడు. నేను అంగట్లో ఎవరిదో మోటారు విప్పుతూ ఉన్నాను. స్పానర్ కింద పెట్టాను.

"గంప ఎత్తమని చెప్పమ్మా" అన్నాను. "అదే చేత్తో."